కాడి విప్పుడు

మే నెల. సిరొంచ.
గోడ మీది గడియారంల పదకొండు.
సంగణక్ మీద (మా పెద్ద సాహెబు దాన్నట్లనే పిలుస్తడు)
జనవరి ఒకటి, రెండువేల మూడు.
రోజూ పొద్దున ఇదే తారీఖుల నిద్ర లేస్తది.
నడుమ గడిచినదేదీ దానికి యాదికుండదు.

తునికాకు పైసల పట్టీ తెరిచిన.
రెండువందల పన్నెండో వరుస:
ఆత్రం జంగుబాయి, కట్టలు తొమ్మిది వందల నలభై.
ఆడికొచ్చి ఆగింది.
బాణం గుర్తు పోయి ఇసుక గడియారమైంది.
ప్రాణహితల ఇసుకంతా
ఆ సన్నటి నడుముల నుంచే రాలాలన్నట్టు
తిరుగుతనే ఉంది.

మౌసు జరిపిన. నొక్కిన. మళ్ల నొక్కిన.
మూడు మీటలు ఒక్కపారి అదిమి పట్టిన.
ఊపిరి తీస్తలేదు, పానం పోతలేదు.
వరండాల నూటాపది మంది.
కిటికీ చువ్వలకు ఆనిన మొకాలు,
ఆకు పసరుకు నల్లబడ్డ వేళ్లు.

నా చెయ్యి ఊరుకోలే. మానిటరు నెత్తిన ఒకటేసిన.
ప్యూను గావడె లచ్చు నవ్విండు:
“దెబ్బలు దానికి పాతయే మేడం.”
చువ్వల అవతల నుంచి జంగుబాయి అన్నది:
“కూలబడ్డ ఎద్దు కొడితె లేస్తదా బిడ్డా?
ముందుగాల కాడి విప్పు.”

కొత్తది ఇయ్యుండ్రని గడ్చిరోలికి ఏడు ఉత్తరాలు రాసిన.
ఒక్కదానికే జవాబొచ్చింది, మరాఠీల:
ఉన్నదానినే జాగ్రత్తగా వాడుకోవలెను.
వంతెన దాటి చెన్నూరు నుంచి వచ్చే రిపేరు పిలగాడు
ఫోనెత్తుతలేడు, వాళ్ల అక్క పెండ్లంట.

ఇగ నేనే.
సంచిల కుట్టుమిషను స్క్రూడ్రైవరుంది.
నాలుగు మరలు. ఒకటి ముందే లేదు.
డబ్బా పక్కరేకు గుంజంగనే
లోపల దుమ్ము కంబళి లెక్క మందంగా,
పంకా రెక్కల నడుమ తునికాకు తునకలు,
మూలకు, వెచ్చగా ఉండేకాడ, రెండు బల్లిగుడ్లు.
ఇన్నేండ్లు ఇది లెక్కలే చేస్తుందనుకున్న.

లచ్చు సైకిలు పంపు తెచ్చి కొట్టిండు.
దుమ్ము లేచి ఇద్దరం తుమ్మినం, బయట పిల్లలు నవ్విండ్రు.
మెమరీ బద్ద ఊడదీసి, దాని పసుపు పండ్లను
నా బిడ్డ కంపాసు పెట్టెల దొరికిన
స్ట్రాబెర్రీ వాసన రబ్బరుతోని రుద్దిన.
తుడిచేసే రబ్బరే జ్ఞాపకాన్ని తిరిగి తెస్తదని
నాకు ఏ బడిల చెప్పలే.

లేచింది. నాలుగు నిమిషాలకు.
అప్పుడు చూసిన దాని మెడ మీద ఎవరెవరు ఎక్కిండ్రో:
ఒకదాన్నొకటి అనుమానించుకునే రెండు యాంటీవైరస్‌లు,
ఎన్నడో పాతసామానోనికి అమ్మిన ప్రింటరు మనిషి,
మూడు రకాల మరాఠీ అక్షరాలు,
రిటైరైన అకౌంటెంటు రేపాల వెంకటి పేకాట,
ఆయన జాతకం చూసే పెట్టె కూడ.
ఒక్కొక్కదాని ఎదురుంగ టిక్కు తీసేసిన.
పేకాట తీసేటప్పుడు మాత్రం జర ఆగిన,
సగం ఆట అట్లనే ఉంది.

రెండువందల పన్నెండు.
ఆగలే.
ప్రింటరు ముక్కుకుంట మూలుక్కుంట
రసీదు బయటికి నూకింది.
“తారీఖేం పడ్డది?” అడిగింది జంగుబాయి.
చదువు రాదు గని అడుగుడు వచ్చు.
“రెండువేల మూడు.”
“అయితె అప్పటి రేటే ఇస్తవా ఏంది? కొట్టెయ్యి.”

కొట్టేసిన. నీలి పెన్నుతోని ఇయ్యాల్టి తారీఖు రాసి
పొట్టి సంతకం పెట్టిన.
లోపల గుండీ అంత బ్యాటరీ సచ్చిందని తెలుసు,
ఈ ఊర్ల దొరకదని గూడ తెలుసు.
రేపు పొద్దుగాల మళ్ల నేనే చెప్పాలె దానికి
ఇయ్యాల ఏ రోజో.

నోట్లు మూడుసార్లు లెక్కపెట్టుకొని
కొంగుల ముడేసుకొని
పోతపోత వెనక్కి తిరిగింది:
“మూపు మీద పుండు పడ్డదేమో, చూసినవా?”

ఏం చెప్పాల్నో తోచలే.
బల్లిగుడ్లను అగ్గిపెట్టెల పెట్టి
మూత సగం తెరిచి కిటికీల ఉంచిన.
పంకా కర్రుమంటున్నది.
రెండువందల పదమూడు.
పుంగాటి మాసా, ముందటికి రా.