వెండి పొర

ఇబాదాన్‌లో, తుప్పు రంగు రేకుల కింద
మోరెనికే డబ్బు వెంటనే ఇవ్వలేదు.
"ఆగు" అంది.
హెల్మెట్ చంకలో పెట్టుకుని ఆగాను.

కుట్టుపని మనిషి. లేసు అసలుదో నకిలీదో
అంచు తడిమి చెప్పేస్తుంది.
మందు డబ్బానీ అలాగే తడిమింది,
బ్యాచ్ నంబరు మీద వేలు ఆనించి
కుట్లు లెక్కపెట్టినట్టు చదివింది.
లోపల పిల్లాడి మూలుగు.
జ్వరం మూడో రోజట.

ఫోన్‌లో సగం ధరకే ఇస్తామన్నారు.
సగం ధర! ఆ మాటకి నేనైనా పడిపోతాను.

నాణెంతో వెండి పొర గీకింది.
కింద అంకెలు. మెసేజ్ పంపి
ఫోను మిషను మీద పెట్టింది.
పొయ్యి మీది పాలను చూసినట్టు
ఇద్దరం దాన్నే చూస్తున్నాం.

*ఈ నంబరు ఇదివరకే వాడేశారు.
మందు వేసుకోవద్దు.*

నన్ను తిట్టలేదు.
డబ్బా నా చేతిలో పెట్టి
పిల్లాణ్ణి వీపుకి కట్టుకుని
లైసెన్సు గోడకి వేలాడే షాపు వైపు
గబగబా నడిచింది,
ధర ఎక్కువే అని గొణుక్కుంటూ.

నా సంచిలో ఇంకా పదకొండు పొట్లాలు.
అదే టేపు. అదే చేతిరాత.
బండి స్టార్ట్ చేశాను గానీ
గేరు వెయ్యలేదు.