కాడర్‌కు ముందు

సెలవు ఇరవై ఎనిమిది రోజులు.
అది ముగిసిన మూడో నాటికి కాడర్ కోర్సు.
పాసైతే నా చేతి మీది ఒక్క గీత
రెండు గీతలవుతుంది.
ఒక గీత, చెప్పింది చేసేవాడిది.
రెండు గీతలు, చెప్పాల్సినవాడివి.
ఆ రెంటి మధ్య ఎంత దూరమో
నాకిచ్చిన ఏ మ్యాపులోనూ లేదు.

బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీల దోవెంట
నాలుగున్నరకే పరుగు.
చేతిలో రైఫిల్ లేదు గనక
వీపు సంచిలో నాపరాయి ముక్కలు,
కిరాణా కాటా మీద తూచి మరీ, పన్నెండు కిలోలు.
తడి రాళ్లపొడి పెరుగులా గడ్డకట్టిన దిబ్బలు దాటి
రైలు గేటు దాటి
మళ్లీ వెనక్కి.
మొదటి మూడు రోజులు కుక్కలు తరిమాయి.
నాలుగో రోజు నుంచి వెంట వచ్చాయి.
నా వెనక నడిచిన మొదటి సెక్షన్ అదే.

నోటుబుక్కులో హిందీ మాటలు, తెలుగు అక్షరాల్లో.
సావధాన్. విశ్రామ్. దాహినే ముడ్.
ఏ కాలు నేల తాకినప్పుడు ఏ మాట పడాలో
కింద ఎర్ర ఇంకుతో.

క్వారీ అంచున, బేరం కుదరని బండలు
భుజాలు రాసుకుంటూ వరసగా నిలబడి ఉంటే
వాటి ముందు నిలిచి కడుపులోంచి అరిచాను:
దాహినే ముడ్!
గుంత అవతలి గోడ
నా మాట నా మొహానే కొట్టింది.
ఒక్క బండా తిరగలేదు.
కూలీలు సద్దిగిన్నెలు పక్కన పెట్టి నవ్వారు.

నవ్వనిది కాశింబి ఒక్కతే.
ఎనిమిది మందితో లారీకి బండలెత్తించే మేస్త్రీ.
"ఎవురి మీద అబ్బీ అంత కోపం?"
"కోపం కాదత్తా, ఆర్డరు."
"అట్లనా.
నాకు రెండూ ఒకే తీరుగ ఇనపడె."

మధ్యాహ్నం వసారాలో యుద్ధభూమి పరిచాను.
రాళ్లపొడి కొండలు, నీలం దారం వాగు,
ఆముదం గింజలు శత్రువు,
తొమ్మిది చింతగింజలు మావాళ్లు.
మేనకోడలు గొంతుక్కూర్చుని అంతా చూసి
ఒక గింజ మీద వేలు పెట్టింది.
"మామా, ఈయన పేరేంది?"

తంగరాజ్, అన్నాను.
చీకట్లో నడిస్తే కాలు తడబడుతుంది, చెప్పుకోడు.
ఇది బిజు. ఇంటి నుంచి ఫోనొస్తే
రెండు రోజులు ఎవరితోనూ పలకడు.
ఇది మల్లేశప్ప, అందరికంటే ముందు
నీళ్ల సీసా ఖాళీ చేసేవాడు.
నాలుగు. ఐదు.
ఆరో గింజ దగ్గర ఆగిపోయాను.
పేరు తెలుసు, నంబరు తెలుసు,
ఏడాదిగా నా పక్క మంచమే.
ఇంకేం తెలుసు?
పిల్ల ఎదురు చూసింది. చూసి చూసి
ఆముదం గింజలతో ఆడుకోవడానికి పోయింది.

సాయంత్రం లారీ వచ్చింది.
కాశింబి బండ వైపు చూడనే లేదు.
ముందు వరసగా అందరి అరచేతులూ తిప్పి చూసింది.
ఒకడి బొటనవేలి కింద పచ్చిగాయం;
తిట్టలేదు, వాణ్ని చెక్కపలక పట్టే పనికి మార్చి
ఆ మూలకు తానే వెళ్లింది.
తర్వాత "ఊఁ" అంది.
పక్కింటివాళ్లకు కూడా వినపడని ఊఁ.
ఎనిమిది ఊపిర్లు ఒక్కచోట ఆగాయి.
బండ లేచింది,
లేవాలని దానికే ఎప్పటినుంచో ఉన్నట్టు.

అరవడం మాననని మీకు చెప్పాలి.
పరీక్షలో గొంతుకూ మార్కులుంటాయి.
మర్నాడు మళ్లీ బండల ముందు నిలబడ్డాను,
మళ్లీ నవ్వించుకున్నాను.
పరుగులో ఇరవై రెండు సెకన్లు తగ్గాయి.
దిక్సూచి లెక్క ఇంకా అప్పుడప్పుడూ
నన్ను ఎవరి కంది చేలోనో దింపుతుంది.

డోన్ పోయే ప్యాసింజరు ఆలస్యం.
గేటు దగ్గర కుక్కలు రెండు
సంచిలో రాళ్లున్నాయో లేదో వాసన చూసి
అనుమానంగా నిలబడ్డాయి.
యూనిఫాం జేబులో చింతగింజ ఒకటి.
పోగానే ముందు వాణ్ని అడగాలి,
మీదే ఊరురా,
చెప్పుల్లేకుండా నువ్వు
మొదట పరిగెత్తింది ఎక్కడ అని.