ఇది కాదు

తొలి క్లాసు ఏడూ నలభైకి.
నలైఖ్‌లో బస్సెక్కేసరికి ఇంకా చీకటే.
గనిలో రాత్రి పని దిగినవాళ్ళు
కిటికీలకి తలలానించి నిద్రపోతుంటారు,
రెప్పల అంచున ఎవరూ దిద్దని కాటుక.
మధ్యలో నేనొక్కదాన్నే ఇస్త్రీ కాలరుతో,
విప్పితే నలుగుతుందని విప్పని నోటుపుస్తకంతో
ఉలాన్‌బాతర్ దాకా నిలబడే వెళతాను.

మూడు వందల రెండో గది, అని కాగితంలో ఉంది.
మూడో అంతస్తులో మూడు వందల ఒకటి,
దాని పక్కనే మూడు వందల మూడు.
మధ్యది ఏమైందని అడగడానికి నోరు రాక
తెరిచి ఉన్న తలుపులోకి దూరిపోయాను.
అది పశువైద్యం వాళ్ళ క్లాసు.
లేచి వెళ్ళిపోవడం అంతకన్నా సిగ్గు.
గంటసేపు బుద్ధిగా రాసుకున్నాను:
ఒంటె కడుపుకి మూడు గదులు.
అక్కడ రెండోది తప్పిపోలేదు.

మర్నాటికి దొరికింది,
వెనక పెరట్లో, పాత బాయిలరు షెడ్డు మీద.
ముందు బెంచీలన్నీ నగరం వాళ్ళవి,
బళ్ళో పెట్టుకున్న ముద్దుపేర్లతో పిలుచుకుంటారు.
చివరి బెంచీలో నేనూ,
ఓల్గీ నుంచి రెండు పగళ్ళూ రెండు రాత్రులూ
బస్సులో వచ్చిన కజాఖు కుర్రాడూ.
మా మధ్య ఒక సంచీ పట్టేంత మౌనం.

సర్వే పాఠం త్సెరెన్‌దులమ్ గారిది.
కళ్ళద్దాలు నెత్తి మీద, రిజిస్టరు ముక్కు మీద.
"ఎనెబిష్."
ముందు బెంచీలు కిసుక్కుమన్నాయి.
మా మాటలో దానర్థం: ఇది కాదు.
వెతుక్కుంటూ వచ్చేదేదో గుమ్మంలో ఆగి
ఈ బిడ్డేనా అని అడిగితే
ఇది కాదు, అని పంపెయ్యడానికి పెట్టే పేరు.
ఈ రోజుల్లో ఎవరు పెడతారు?
లేచాను. పేరుకి అడ్డంగా నిలబడి
"ఉన్నాను" అన్నాను.
ఆవిడ అద్దాలు కిందికి దించి చూసింది.
"నీ ముందు ఎంతమంది?"
"ఇద్దరు."
రోల్ నంబర్ల సంగతనుకున్నారు అందరూ.
"కూర్చోమ్మా," అంది.
ఆ అమ్మా ఇంకెవరికీ అనలేదు.

తర్వాత బోర్డు వైపు తిరిగి రాసింది:
తెలియని చోటు పట్టుకోవాలంటే
తెలిసిన చోట్లు రెండు కావాలి.
సుద్ద విరిగింది. ముక్కతోనే గీత పూర్తి చేసింది.
క్లాసు ముందుకి పోయింది, కోణాల్లోకి, పట్టికల్లోకి.
నేను ఆ వాక్యం దగ్గరే దిగిపోయాను.
ఆ ఇద్దరూ ఏ గుట్ట పక్కన ఉన్నారో
అమ్మ ఏనాడూ చూపించలేదు.

మూడో వారం మంచు పడింది.
ముక్కాలి స్టాండూ గీతల కర్రా చేతికిచ్చి
మమ్మల్ని మైదానంలోకి తోలారు.
మంచు కింద ఎక్కడో ఒక మేకు,
తవ్వకుండా, కోణాలతో పట్టాలి.
పాత పరికరం. కన్ను పెడితే లోకం తలకిందులు:
కింద ఆకాశం, పైన తెల్లటి నేల,
నేలకి గబ్బిలంలా వేలాడుతూ ఆ కుర్రాడు.
"ఇదా?" అని అరిచాడు.
"ఎనెబిష్!"
ఎడమకి జరిగాడు. "ఇదా?"
"ఎనెబిష్!"
గాలి సగం మాట తినేసింది.
వాడు కర్ర మంచులో గుచ్చి, టోపీ తీసి, గుండెల నిండా
"యెర్బొలాత్!" అని అరిచాడు.
పేరు చెబుతున్నాననుకున్నాడు.
చెబుతూనే ఉన్నానేమో.

నవ్వుకి ముక్కాలి కదిలింది.
మళ్ళీ మొదట్నించీ కొలిచాం.
మేకు దొరికింది, నాలుగు వేళ్ళ తేడాతో.
"కాకిలెక్క," అంది ఆవిడ.
ఎర్రపెన్సిలు మాత్రం జేబులోంచి తియ్యలేదు.

రాత్రి ఇంట్లో ఉప్పు టీ కాగుతోంది.
"ఏం చెప్పారివాళ?" అంది అమ్మ.
రెండు చోట్ల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది.
ఆవిడ గరిటెతో ఎత్తి పోస్తోంది, ఎత్తి పోస్తోంది,
మొహం ఆవిరి వెనక్కి పోయింది.
"ఒంటె కడుపుకి మూడు గదులట," అన్నాను.
"అది తెలీనిదెవరికి?" అంది.
"నిన్ను పంపింది నేల కొలవడానికి కదా?"