కాదు, ఉల్బోసిన్

మన పెళ్ళిలో దుతార్ మీటుతూ ఆ పాటగాడు
నిన్ను చందమామన్నాడు, లేడన్నాడు, దానిమ్మ పువ్వన్నాడు.
మూడు అబద్ధాలకి మూడు గొర్రెతోళ్ళు పుచ్చుకున్నాడు.
నువ్వు ముసుగు కింద చేతి అంచు కొరుక్కుంటూ
నవ్వు ఆపుకున్నావు. నాకు తెలుసు.
నీ భుజం అదిరి నా భుజానికి తగిలింది.

చందమామవి కాదు.
చందమామకి చేపల వాసన రాదు.
డబ్బాల ఫ్యాక్టరీలో తొమ్మిది గంటలు జెల్లల్ని కోసి వస్తే
ఎంత సబ్బు రుద్దినా మోచేతుల దాకా సముద్రం వదిలేది కాదు.
పక్కన నేను, ఇంజన్ నూనె కంపుతో.
ఇద్దరం పడుకుంటే అదొక రేవు.

లేడివీ కాదు.
ఉప్పుగాలి రేపొస్తుందనగా
ఈ రాత్రే చెబుతుంది నీ కుడి మోకాలు.
నువ్వు నడుస్తుంటే నేలే కాస్త ఒరిగినట్టుంటుంది,
ఎవరో డెక్కు మీద పెరిగిన మనిషి
గట్టుని ఇంకా నమ్మనట్టు.

సముద్రమందామనుకున్నాను ఒకసారి,
వయసులో, వోద్కా తాగి, రేవు మెట్ల మీద.
అనలేదు. మంచిదైంది.
సముద్రం ఏం చేసిందో చూశావుగా!
ముందు తాడందనంత దూరం జరిగింది,
తర్వాత చూపందనంత.
పోతున్నానని ఒక్క మాట లేదు.
పదహారేళ్ళు నేను నూనె పోసి సాకిన ఓడ
ఇసకలో కూలబడింది. దాని నీడన ఇప్పుడు
ఆవులు నెమరేస్తున్నాయి.
నదుల్ని పత్తిచేలకి తిప్పినవాళ్ళు
అరల్‌కి నీళ్ళొదిలేశారు.
వదలాల్సిన నీళ్ళు మాత్రం వదల్లేదు.

అప్పుడూ ఫ్యాక్టరీ నడిచింది, గుర్తుందా?
రైలెక్కి, లారీ ఎక్కి, గడ్డకట్టి
ఎక్కడెక్కడి చేపలో వచ్చేవి.
వాటికి మొయ్నాక్ అని లేబుల్ అంటించి వచ్చి
గుమ్మంలో నిలబడి నీ చేతులు వాసన చూసుకున్నావు.
"ఇది మనది కాదు," అన్నావు.
అంతే. పొయ్యి మీద కెటిల్ పెట్టావు.

నీ పేరే నిన్ను కాదంది కదా.
నలుగురు ఆడపిల్లల తర్వాత ఐదోదానివి పుడితే
మీ నాన్న రిజిస్టర్లో విసురుగా రాయించాడు:
ఉల్బోసిన్. ఇకనైనా కొడుకు పుట్టనీ, అని.
నిన్ను పిలిచినప్పుడల్లా అందరూ
నీ వెనకెవరైనా వస్తున్నారా అని చూశారు.
నేనూ అదే పేరుతో పిలిచాను, నలభై ఒక్క ఏళ్ళు.
అర్థం అరిగిపోయింది, చెప్పు మడమలా.
మిగిలింది ఒట్టి చప్పుడు.
దానికి నువ్వు "ఏంటీ?" అంటావు,
వంటింట్లోంచి, చిరాగ్గా.

తేనెవి కానే కాదు. ఈ ఊళ్ళో టీయే ఉప్పన.
నీ ఉప్పు తిన్నవాణ్ణి అందామన్నా
ఇక్కడ ఆ మాటకి విలువ లేదు.
ఊరంతా ఒకే ఉప్పు తింటోంది,
కళ్ళతో, ఊపిరితో, తలుపు సందుల్లోంచి.
కానీ నీ రొట్టెలోది వేరు.
అది గాలి పడేసింది కాదు. నువ్వు వేసింది.
మూడువేళ్ళ మధ్య చిటికెడు,
డబ్బా రేకు కోసిన మచ్చ ఉన్న ఆ బొటనవేలితో.

నిరుడు మార్చిలో కూలికి వెళ్ళి
మేం వలలు వేసిన చోట, సముద్రం అడుగున,
సక్సౌల్ మొక్కలు నాటొచ్చావు.
"వందకి ఎన్ని బతుకుతాయే?" అన్నాను.
నీళ్ళు నమల్లేదు నువ్వు.
"తక్కువ," అన్నావు.
మర్నాడు ఐదింటికే లేచి బూట్లు తొడుక్కున్నావు.

దీనికి పోలిక నా దగ్గర లేదు.
ఆ పాటగాడి దగ్గరా ఉండి ఉండదు, పాపం.

ఈ రాత్రి నువ్వు గురక పెడుతున్నావు.
అలల చప్పుడు కాదది.
నా పాత ఇంజనూ కాదు, అది ఇంతలా లయ తప్పేది కాదు.
ఇంజను గదిలో పడుకున్నవాడికి
చప్పుడు నిద్ర చెడగొట్టదు.
చప్పుడు ఆగితేనే దిగ్గున లేస్తాడు.

ఇందాక ఒక్క క్షణం ఆగింది.
పేరు పెట్టి పిలిచాను.
"ఏంటీ?"
కాదు, ఉల్బోసిన్, ఏం లేదు.
పడుకో.