దొరసామి మెడ

పేరుకే దొరసామి.
మా తాతకు గుంట నేల లేదు.
ఐరాల పక్క చెరకు తోటల్లో కూలి,
గానుగ కాడ బెల్లం పొయ్యికి పిప్పి ఎగదోసే పని.

మణేగారు ఎదురైతే అందరూ వంగేవాళ్లంట.
ఈయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని
నిట్రాడు మాదిరి నిలబడేవాడంట.
దానికి రెండు పంటల కూలి ఎగ్గొట్టినారు.

"మనది వంగని మెడ" అని
మా నాయన తాగినప్పుడల్లా చెప్పేవాడు.
చెప్తా చెప్తా, మెడ తిప్పలేక
ఒళ్లంతా తిప్పి మా వైపు చూసేవాడు.

నాకిప్పుడు ముప్పై నాలుగు.
తిరుపతిలో, కొర్లగుంట సందులో, కుట్టుమిషను.
రాత్రి మూడుకి నడుము లేపేస్తుంది.
పడుకుంటే నొప్పి, లేచి తిరిగితే తగ్గు.
కూర్చోనియ్యని మేస్త్రీ కొలువు ఇది.
మిద్దె మీదికి పోతే
కొండకు ఎక్కే మెట్లదారి దీపాలు
ఎక్స్‌రేలో పూసల వరస మాదిరి
వంకర్లు పోతా పైకి.

ముందు పుత్తూరే పోయినాను.
పసరు, గుడ్డ, వెదురుబద్దలు పక్కన పెట్టుకున్న పెద్దాయన
వెన్నంతా వేలితో తడిమి అన్నాడు:
"విరిగింటే కడతాం తల్లీ,
అతుక్కుంటా పోయేదాన్ని ఏం కట్టేది?"

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
నడుం మీద పెన్నుతో రెండు గీతలు గీసి వంగమనింది.
టేపు పెట్టింది.
పది సెంటీమీటర్లు పదకొండున్నర దాకా సాగి ఆగింది.
ఊరందరి నడుములు కొలిచిన చెయ్యి నాది,
ఒకటిన్నరంటే ఎంత తక్కువ గుడ్డో
నాకెవరూ చెప్పబన్లేదు.

రక్తం కాగితంలో: బి ఇరవై ఏడు. ఉంది.
నక్షత్రాలూ ఇరవై ఏడే కదా, ఇది ఏ పాదమో అనుకున్నా.
"ఉన్నోళ్లందరికీ జబ్బు రాదమ్మా," అనింది ఆమె,
"చానామందికి రానే రాదు."
నిజమే. మా అన్న మునిరత్నానికీ ఉంది.
వాడు చిత్తూరు మండీలో
బెల్లం మూటలు లారీకెత్తి, ఈల వేసుకుంటా ఇంటికొస్తాడు.
ఒకే గింజలు, ఒకే మడి. మొలిచింది నాలో.

"మీ పెద్దోళ్లలో ఎవరికన్నా మెడ తిరక్కుండా ఉండిందా?"

తువ్వాలు గుర్తొచ్చింది.
భుజం మీంచి తీసి చేతిలో పట్టుకోవడం
మర్యాదే కదా.
వంగాలనే ఉండిందేమో ఆయనకు.
వంగలేక, ఎందుకో చెప్పడానికి పేరు లేక
నిలబడే ఉన్నాడేమో.
లేదా, వంగగలిగినా వంగేవాడు కాదేమో.
ఈ రెండిట్లో ఏదో తేల్చే పరీక్ష
ఏ ల్యాబులోనూ లేదు. మంచిదే.

"నాకూ రక్తం తీయిస్తావామ్మా?" అనింది ప్రసూన.
పద్నాలుగేళ్లు, బళ్లో కబడ్డీ.
"ఇప్పుడొద్దులే. పొద్దన్నే నడుం పట్టేస్తే చెప్పు,
కన్ను ఎర్రబడి వెలుతురు గుచ్చితే చెప్పు.
దాచొద్దు, అంతే."
"మరి తాత కత?"
మా నాయన చెప్పినట్టే చెప్పినాను, తువ్వాలుతో సహా.

మిషను కింద సూది పడింది.
నేను అడక్కముందే
మోకాళ్లు మడవకుండా వంగి తీసిచ్చింది.
టేపు మెడలోనే వేలాడతా ఉంది.
కళ్లతోనే కొలుచుకున్నా.