పిలిచిందెవరు

నాకు బొమ్మలు రావు.
పడవంటే ఒక కోడిగుడ్డు, అంతే.
స్ప్రెడ్‌షీట్ గళ్ళ మీద పక్కకి ఒరిగి పడుకున్న గుడ్డు.
అలాంటివి ముప్పై గీశాను,
రేవుకు ఇటు పదహారు, అటు పద్నాలుగు.

బార్దుర్ ఉన్నన్నాళ్ళూ నల్లబల్ల మీద సుద్దతో రాసేవాడు
వెళ్ళినవీ, వచ్చినవీ.
తలుపు తీస్తే చాలు, ఫారో దీవుల వాన
లోపలికొచ్చి సగం పడవల్ని చెరిపేసేది.

గుడ్డు మీద నొక్కితే ఎర్రబడాలి: సముద్రంలో ఉంది.
మళ్ళీ నొక్కితే పచ్చబడాలి: ఒడ్డుకొచ్చింది.
నేనడిగింది అంతే.
దానికి మూడు రాత్రులు పట్టింది.
మొదటి రాత్రిది మామూలు ఫైలుగా దాచేశాను,
తెల్లారేసరికి మాక్రో మాయం,
ఎంత నొక్కినా గుడ్లు ఉలకవు, పలకవు.

ముప్పైకీ కలిపి ఒక్కటే మాక్రో.
నిద్రలేస్తూనే అది అడిగేది ఒకటే:
పిలిచిందెవరు?
నొక్కిన బొమ్మ తన పేరు చెబుతుంది,
ఆ పేరుగలదాన్ని వెతికి రంగు మారుస్తుంది.
ఎంత మర్యాద!
మా ఇంట్లో ఎవరిని కేకేసినా
అందరూ ఒకేసారి ఊఁ అంటారు.

గురువారం పొగమంచు.
హేయిని తన కొత్త పడవ తెర్నాని
నాకు చెప్పకుండానే వేటకి తీసుకెళ్ళాడు.
హడావిడిలో లోమ్విగి ఎర్రగుడ్డునే కాపీ చేసి
పక్కన అతికించి, పైన రాత మార్చాను.

నాలుగింటికి తెర్నా వచ్చింది.
దాని నీలం అంచు చూసే నొక్కాను.
తెర్నా ఎర్రగానే ఉంది.
లోమ్విగి పచ్చబడింది.

నేనది గమనించేలోపే ఫోను.
సున్వా. "పోల్ వచ్చాడా?"
"వచ్చాడు" అన్నాను,
తెర చూసి. కిటికీ చూసి కాదు.
"అయితే దుంపలు ఉడకేస్తా" అని పెట్టేసింది.

పైన రాత మార్చాను గానీ
లోపలి పేరు మార్చలేదు.
పిలిచింది తెర్నా,
పలికింది ఆ పేరుతో ముందు పుట్టినది.
నాలుగుసార్లు తిరిగి ఫోన్ చేశాను.
ఐదోసారి ఎత్తింది. చెప్పాను.
అవతల మూత పడిన చప్పుడు.

తొమ్మిది నలభైకి లోమ్విగి వచ్చింది.
పోల్ విసిరిన తాడు నేనే పట్టుకున్నాను.
గట్టు మీద సున్వా ఉంది, నా వైపు చూడలేదు.

ఆ రాత్రే పేరు మార్చాను.
ఎడమ మీటకి రంగే మారుతుంది,
కుడి మీట నొక్కితేనే బొమ్మ చేతికి దొరుకుతుంది.
ముప్పై ఒక్కదాన్నీ ఒక్కొక్కటే పిలిచి చూశాను.
ఎవరి పేరుకి వాళ్ళే పలికారు.

అయినా ఇప్పుడు
నొక్కేముందు కిటికీ తుడుస్తాను.