బొటనవేలికి చోటు

కథ ఇంకా చివరికి రాలేదు,
అట్ట మాత్రం శుక్రవారానికి కావాలట.
ఫోన్లో సిర్యె, దగ్గు బిళ్ల చప్పరిస్తూ
"కుందేలు. మంచు. నవ్వుతూ ఉండాలి" అంది.
ఎవరు నవ్వాలో చెప్పకుండానే పెట్టేసింది.

హాప్సలులో ఫిబ్రవరి.
అయిదు కాకముందే వెలుతురు కొట్టు కట్టేస్తుంది.
సముద్రం గడ్డకట్టింది, దాని మీద రోడ్డు వేశారు,
దారి తెలియడానికి జునిపెర్ కొమ్మలు పాతారు.
సీటు బెల్టు పెట్టుకోవద్దని బోర్డు:
మునిగితే త్వరగా బయటపడాలి కదా.
కథ రాస్తున్న ఎల్మార్
ఆ రోడ్డుకి ముప్పయ్యేళ్లు కాపలా కాశాడు.
ఆయన కుందేలు ఉత్తరం పట్టుకుని దీవికి బయల్దేరి
పదకొండో పేజీలో ఆగిపోయింది.
చేరుతుందా అని అడిగితే
"మంచు మందం చూడాలి" అన్నాడు.

అగ్గిపెట్టెంత అట్టలు, ఇరవై మూడు గీశాను.
ఏడో దాంట్లో కుందేలు తిన్నగా నన్నే చూసింది.
కొట్టేశాను.
పుస్తకం తెరవకముందే అంత చనువేమిటి?
పద్నాలుగులో వీపు తిప్పింది.
ముఖం లేని కుందేలుని ఎవరు కొంటారంది సిర్యె.
పంతొమ్మిదిలో ఊరికే ఆగింది,
ఒక చెవి ముందుకి, ఒక చెవి వెనక్కి.
అంతే.

తెల్లరంగు నేను కొనను.
చుట్టూ నీలం పూసుకుంటూ పోతే
మిగిలిందే మంచు.
ఆ నీలంలో కాస్త, మాడిన రై రొట్టె అంచు రంగు,
లేకపోతే చలి నమ్మబుద్ధి కాదు.

పేరు కోసం ఆకాశం ఖాళీగా వదలాలి.
పేరేమో ఇంకా పెట్టలేదు.
బిడ్డ పొడుగు తెలియకుండా ఊయల కడుతున్నాను.

అంచు దాటి మూడు మిల్లీమీటర్లు ఎక్కువ వేయాలి,
అది ప్రెస్సులో కత్తి వాటా.
ఎవరూ చూడని ఆ సముద్రంలో కూడా
అలలు గడ్డకట్టిన గీతలు దిద్దుతాను.
ఇన్నేళ్లలో ఆ కత్తి ఎంత సముద్రం తిన్నదో.

వెనక అట్ట మీద ధర చదివే గీతల డబ్బా.
దానికో పైకప్పు వేసి పొగగొట్టం పెట్టాను,
పోస్టాఫీసయింది.
ఎల్మార్ చాలాసేపు చూశాడు.
"ఆ దీవిలో పోస్టాఫీసు లేదు" అన్నాడు.
తలుపు దాకా వెళ్లి
"ఉండేది" అన్నాడు.

గురువారం సాయంత్రం
అట్టని ఓ పాత పుస్తకానికి తొడిగి
కింది వాటా ఉకు చేతికిచ్చాను. వాడికి అయిదేళ్లు.
బాగుందా అని అడగలేదు.
పిల్లలు మర్యాదకి అబద్ధమాడరంటారు,
ఉకు ఆడతాడు.
వాడి చేతులు చూశాను.
ఎడమ చేత్తో పట్టుకున్నాడు.
జామ్ అంటిన బొటనవేలు
సరిగ్గా కుందేలు మీద పడింది.
"కుందేలేదీ?" అన్నాడు,
దాన్ని గట్టిగా నొక్కిపెట్టి.

రాత్రంతా మళ్లీ వేశాను.
కుందేలుని రెండంగుళాలు కుడికి, కొంచెం పైకి.
అది ఉన్న చోట ఏమీ లేదు, కాగితం.
"ఆ మూల బోసిగా ఉంది, పక్షినైనా పెట్టు" అంది సిర్యె.
"అక్కడ మనిషున్నాడు" అన్నాను.
దగ్గు బిళ్ల కొరికిన చప్పుడు.

రెండేళ్ల తర్వాత
గ్రంథాలయంలో తడి బూట్లతో నిలబడి చూశాను.
కత్తి వెంట్రుకంత చెవి కొస తినేసింది.
వీపు ఊడితే ఎవరో టేపు అంటించారు.
ఎడమ మూల, నేను వదిలిన తెలుపు
ఇప్పుడు తెలుపు కాదు:
జామ్, మట్టి, పెన్సిల్ గీరు,
వేలి మీద వేలి ముద్ర.
చాలామంది నడిచి వెళ్లిన మంచు.
ఒక్క అడుగూ నేను వేసింది కాదు.

వాటికి రెండంగుళాల ముందు
ఒక చెవి వెనక్కి పెట్టి
కుందేలు వింటోంది.